పాక్-మ్యాన్ బోర్డ్ గేమా, లంచ్‌బాక్సా, మారియో బొమ్మా? పాత వీడియో గేమ్ సరుకుల్లో మొదట ఏది కొనాలి

డల్లాస్‌లో ఉండే మా మరిది సంక్రాంతికి వస్తూ ఫోన్ చేశాడు. "వదినా, మా వీధిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామానంతా గరాజ్‌లో పెట్టి అమ్ముతున్నాడు. పాక్-మ్యాన్ బోర్డ్ గేమ్ ఉంది, రేకు లంచ్‌బాక్స్ ఉంది, బల్లమీద పెట్టి ఆడుకునే బుల్లి ఆర్కేడ్ మెషీన్ ఒకటి ఉంది, ఇంకా నాలుగు చిన్న రబ్బరు బొమ్మలున్నాయి. నా సూట్‌కేసులో ఒక్కదానికే చోటు. మీకు ఏది తెమ్మంటారు?"

ఫోన్‌లో వాడికి చెప్పింది తక్కువ, ఆ రాత్రి కూర్చుని రాసుకున్నది ఎక్కువ. కొత్తగా ఈ సరుకు పోగేయడం మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేదీ ఇదే కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. న్యూజెర్సీలో ఉన్న ఎనిమిదేళ్లూ శనివారం పొద్దున్నే గరాజ్ సేల్స్ చుట్టూ తిరిగాను, ఇప్పుడు విశాఖలో ఉప్పుగాలి మధ్య ఆ సామాను కాపాడుకుంటున్నాను. నా సలహా ఈ రెండు అనుభవాల నుంచీ వచ్చింది.

అసలు గేమ్‌లోని పాత్ర బొమ్మ మీదికీ, అట్టపెట్టె మీదికీ, చొక్కా మీదికీ ఎక్కడం ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. 1978లో టైటో వాళ్ల స్పేస్ ఇన్వేడర్స్ జపాన్‌ను ఊపేసింది. కానీ అందులో గ్రహాంతర మూకే తప్ప పేరు పెట్టి పిలుచుకునే మనిషి లేడు. 1980లో నామ్కో అనే జపాన్ కంపెనీలో తోరు ఇవతాని చేసిన పాక్-మ్యాన్‌తో కథ మారింది. తుపాకులు, యుద్ధనౌకలు నిండిన ఆర్కేడ్‌లకి, అంటే నాణెం వేసి ఆడే వీడియో గేమ్ సెంటర్లకి, ఆడపిల్లలు కూడా రావాలని ఇవతాని తినడం చుట్టూ ఆటను అల్లాడు. తినే నోరు ఒకటి, తరిమే దయ్యాలు నాలుగు. ఆ దయ్యాలకి అమెరికాలో బ్లింకీ, పింకీ, ఇంకీ, క్లైడ్ అని పేర్లు కూడా పడ్డాయి. అక్కడ హక్కులు తీసుకున్న బాలీ మిడ్‌వే ఆ పసుపు ముఖాన్ని వందల రకాల వస్తువుల మీద వేయడానికి అనుమతులిచ్చింది. కప్పులు, దుప్పట్లు, పైజామాలు, బెలూన్లు, స్టిక్కర్లు, చివరికి పొద్దున్న పాలలో వేసుకునే సీరియల్ దాకా. 1982 సెప్టెంబరులో ఏబీసీ చానల్‌లో హన్నా-బార్బరా వాళ్ల కార్టూన్ కూడా వచ్చేసింది.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆట తెర మీద పాక్-మ్యాన్‌కి కళ్లు లేవు, కాళ్లు లేవు. ముక్క తీసేసిన పసుపు చక్రం, అంతే. మరి లంచ్‌బాక్స్ మీద వేయాలంటే? కప్పు మీద వేయాలంటే? ఎవరో ఒక చిత్రకారుడు కూర్చుని ముఖం ఊహించాల్సిందే. మిడ్‌వే ఆర్కేడ్ మెషీన్ పక్క పలకల మీద వాడికి పెద్ద కళ్లు, పాదాలు వచ్చాయి. కార్టూన్‌లో చేతులొచ్చాయి, నెత్తిన టోపీ వచ్చింది. రెండు మూడేళ్లలోనే ఒకే పాత్రకి ఇన్ని ముఖాలు. ఏ ముఖమూ ఇంకా ఖాయం కాలేదు. ఆ తడబాటు, ఆ ధైర్యం కనిపించే వస్తువే నా దృష్టిలో కొనదగినది. ధర ఎంత పెరుగుతుందన్న లెక్క నేను వేయను.

బోర్డ్ గేమ్

నా మొదటి ఓటు దీనికే. మిల్టన్ బ్రాడ్లీ 1982లో తెచ్చిన పాక్-మ్యాన్ బోర్డ్ గేమ్‌ని ఒకసారి చేతుల్లోకి తీసుకుంటే ఎందుకో అర్థమవుతుంది. ఆటగాళ్లకి తలా ఒక ప్లాస్టిక్ పాక్-మ్యాన్, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. బోర్డు మీద గుంటల్లో చిన్న చిన్న తెల్ల గోళీలు పేరుస్తారు. పాచికలు వేసి పాక్-మ్యాన్‌ని జరుపుతూ గోళీ మీద నొక్కితే అది లోపలికి గుటుక్కున పోతుంది. వెలుగు చుక్కల్ని తినే తెర మీది పనిని, కరెంటు అక్కర్లేకుండా, చేతికి తెలిసేలా ప్లాస్టిక్‌లోకి దించారు. మా అమ్మాయికి వీడియో గేమ్ పాక్-మ్యాన్ పట్టలేదు కానీ ఈ గోళీ మింగే చప్పుడు మాత్రం తెగ నచ్చింది. నాలుగు దశాబ్దాల నాటి వస్తువు ఇంకా పిల్లల్ని కూర్చోబెడుతోందంటే అది అలమరలో పెట్టి చూసుకునే సరుకు మాత్రమే కాదు.

కొనేముందు గోళీలు లెక్కపెట్టించండి. ఎన్ని ఉండాలో రూల్స్ కాగితంలో ఉంటుంది. అన్నీ ఉన్న పెట్టె అరుదు. సోఫాల కింద, కార్పెట్ల కింద పోయినవి పోగా మిగిలినవే అమ్మకానికి వస్తాయి. పసుపు గోళీలు ఉన్నాయో లేదో విడిగా అడగండి. దయ్యాలను ఎదురు తినే బలమిచ్చేవి అవే, తెల్లవాటితో పోలిస్తే చాలా తక్కువ ఉంటాయి కాబట్టి పోతే ఆట కుంటుపడుతుంది. ఇంకో మాట: పెట్టె మూలలు చిరిగినా సరే, లోపలి పాక్-మ్యాన్‌ల నోటి యంత్రం నాలుగింటిలోనూ పని చేయాలి. అమ్మేవాళ్లని నొక్కి చూపించే చిన్న వీడియో అడిగితే ఎవరూ కాదనరు.

ఇదే కంపెనీ డాంకీ కాంగ్ బోర్డ్ గేమ్ కూడా అదే ఏడాది తెచ్చింది. ఫ్రాగర్ అనే ఇంకో ఆర్కేడ్ ఆటది అంతకు ముందే, 1981లో వచ్చింది. మారియో తొలిసారి కనిపించిన ఆట డాంకీ కాంగే కాబట్టి మారియో ఇష్టమైనవాళ్లకి అది మంచిదే. కానీ ఆడే సుఖంలో గోళీలు మింగే పాక్-మ్యాన్‌కి ఆ బోర్డ్ గేమ్ సాటి రాదు.

బల్లమీది బుల్లి ఆర్కేడ్

అందరి కళ్లూ ముందు దీనిమీదే పడతాయి. మా మరిదిదీ అంతే. కొలీకో అనే అమెరికా కంపెనీ 1981లో పాక్-మ్యాన్‌తో మొదలుపెట్టి, తర్వాత డాంకీ కాంగ్, ఫ్రాగర్, మిసెస్ అనకుండా మిజ్ అని పిలిపించుకున్న మిజ్ పాక్-మ్యాన్ వంటివి తెచ్చింది. అసలు ఆర్కేడ్ మెషీన్‌ని అరచేతి ఎత్తుకు కుదించినట్టుంటుంది. పక్కన బొమ్మలు, ముందు జాయ్‌స్టిక్, లోపల వెలిగే తెర. మన ఇళ్లలో పాత వీసీఆర్‌ల మీద టైము నీలిపచ్చగా వెలిగేది గుర్తుందా? అదే రకం తెర ఇది.

ఆ తెర పనితీరే దీని అందమూ, హద్దూ. గాజు మీద ప్రతి ఆకారం ముందే గీసి ఉంటుంది. వెలగడం, ఆరిపోవడం తప్ప కదలడం అంటూ ఉండదు. జపాన్‌కి చెందిన టోమీ కూడా గుండ్రటి పసుపు డబ్బాలో ఒక పాక్-మ్యాన్ చేసింది. అందులో పాక్-మ్యాన్ నోరు ఒకే దిక్కుకి గీసి ఉండటంతో, వాడు ఎడమవైపు పోతున్నప్పుడే చుక్కలు తినగలడు. కుడికి వెళ్తే ఖాళీ నడకే. మొదట చూసి చెడిపోయిందేమో అనుకుంటారు. కాదు, ఆ ఆట అంతే. ఇరుకులో నుంచి దారి వెతుక్కున్న ఆ ఇంజనీర్ల పని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

అయినా మొదటి కొనుగోలుగా దీన్ని వద్దనే చెబుతాను. నేను తొలిసారి ఆన్‌లైన్‌లో కొన్న కొలీకో మెషీన్ "చక్కగా పని చేస్తోంది" అన్న మాట మీదే వచ్చింది. వెనక మూత తీస్తే బ్యాటరీలు ఎన్నేళ్ల కిందటో కారిపోయి, స్ప్రింగులన్నీ పచ్చటి పొక్కులు. వెనిగర్‌తో తుడిచి, గరుకు కాగితంతో గీకి, రెండు తీగలు కొత్తగా టంకం వేయించాక గానీ వెలగలేదు. బ్యాటరీ అర లోపలి ఫొటో పంపకుండా ఎవరు ఎంత చెప్పినా కొనకండి.

ఇండియాకి తెచ్చుకునేవాళ్లకి ఇంకో హెచ్చరిక. అమెరికా అడాప్టర్ అక్కడి 120 వోల్టుల కరెంటుకి చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అడాప్టర్ మాడటం ఖాయం, దాంతోపాటు మెషీన్ కూడా పోవచ్చు. కొలీకో మెషీన్లకి సి సైజు సెల్లులు నాలుగు చాలు. వాటితోనే ఆడండి, ఆట అయ్యాక తీసేయండి. టంకం పని వచ్చినవాళ్లు, లేదా తెలిసిన మెకానిక్ ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ముందు ఇదే కొనుక్కోవచ్చు. చీకటి గదిలో ఆ తెర వెలుగుతుంటే దానికి సాటి లేదు.

చిన్న పీవీసీ బొమ్మలు

బొటనవేలంత ఉండే ఈ బొమ్మల్ని మనం రబ్బరు బొమ్మలు అంటాం కానీ అవి మెత్తటి పీవీసీ. కొలీకో 1982 ప్రాంతంలో పాక్-మ్యాన్ వాళ్లవీ, డాంకీ కాంగ్ వాళ్లవీ చేసింది. మారియో బొమ్మగా మారిన తొలి సరుకుల్లో ఇవీ ఉన్నాయి. పెట్టుబడి తక్కువ, చోటు తక్కువ, సూట్‌కేసులో సాక్సు లోపల కూడా పడుతుంది. ముఖాల మీద నా పిచ్చి తీరేది కూడా వీటిలోనే. చేతితో వేసిన రంగు కాబట్టి ఒకే అచ్చులో పోసిన రెండు బొమ్మలకి కనుబొమలు వేరుగా ఉంటాయి. ఒక దయ్యానికి కళ్లు పక్కకి జారి ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. ఆ రంగు వేసిన చేతి వణుకు ఇంకా అందులో ఉంది.

సంవత్సరం చూడటంలో చాలామంది పొరపడతారు. బొమ్మ అడుగున 1980, బాలీ మిడ్‌వే అని ఉంటే అది పాత్ర మీద హక్కు పుట్టిన సంవత్సరం. బొమ్మ చేసింది రెండేళ్ల తర్వాత కావచ్చు. "1980 నాటి అసలు సరుకు" అని ఎక్కువ ధర చెప్పేవాళ్లకి ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి.

పీవీసీకి ఎండ పడదు, వేడి పడదు. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరి బొమ్మ జిగటగా అవుతుంది. అది వేరే ప్లాస్టిక్‌కి తగిలి ఉంటే దాన్ని కూడా కరిగిస్తుంది. విశాఖ వచ్చిన తొలి వేసవిలో నా గులాబీ దయ్యం ప్లాస్టిక్ అరకి అతుక్కుపోయింది. తీస్తే అరలో దాని అడుగు ముద్ర మిగిలింది. అప్పటినుంచి గాజు అరలోనే పెడుతున్నాను, ఒకదానికొకటి తగలకుండా. జిగట వచ్చినవాటిని గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్‌తో కడిగి నీడలో ఆరబెడితే కొన్నాళ్లు బాగుంటాయి.

లంచ్‌బాక్స్, కార్డులు, సీరియల్ పెట్టె

వీటి గురించి ఎక్కువ చెప్పను. అలాడిన్ కంపెనీ చేసిన పాక్-మ్యాన్ రేకు లంచ్‌బాక్స్, లోపలి ఫ్లాస్క్‌తో సహా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఎంబాసింగ్ చేసిన రేకు మీద వేలు రాస్తే బొమ్మ గట్లు తెలుస్తాయి. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఉంటే సందేహం లేకుండా కొనండి. సముద్రం పక్కన ఉంటే వద్దు. ముందు మూత బిగించే బిళ్ల దగ్గర, తర్వాత కీళ్ల దగ్గర, ఆఖరికి అంచు పొడవునా తుప్పు పాకుతుంది. మైనం పూసి ఆపుదామని చూశాను, ఆగలేదు.

ఫ్లీర్ వాళ్ల పాక్-మ్యాన్ స్టిక్కర్లు, టాప్స్ వాళ్ల డాంకీ కాంగ్ కార్డులు డబ్బు తక్కువ పెట్టగలిగే విద్యార్థులకి సరైన దారి. బబుల్ గమ్‌తో పాటు ప్యాకెట్‌లో వచ్చినవి కాబట్టి ఒక కార్డు మీద గమ్ మరక ఉంటే కంగారు పడకండి. చెదలు, సిల్వర్‌ఫిష్ మాత్రం ఒక్క వర్షాకాలంలో తినేస్తాయి. ప్లాస్టిక్ తొడుగులో, సిలికా పొట్లంతో పెట్టండి.

సీరియల్ పెట్టెలు కొత్తవాళ్లకి కాదు. 1982లో రాల్స్టన్ డాంకీ కాంగ్ సీరియల్ తెచ్చింది, గింజలు పీపాల ఆకారంలో ఉండేవి. 1983లో జనరల్ మిల్స్ పాక్-మ్యాన్ సీరియల్ వచ్చింది. తిని పారేసిన పెట్టెలు కాబట్టి మంచి స్థితిలో దొరికేవి కొద్ది. ఆ కొరత చూసి కొత్తగా ప్రింట్ తీసి పాతదని అమ్మేవాళ్లు తయారయ్యారు. భూతద్దంతో చూస్తే పాత ఆఫ్‌సెట్ ముద్రణలో రంగు చుక్కలు వరుసగా పూలరేకుల్లా కూర్చుంటాయి. ఇంక్‌జెట్ ప్రింటులో చిలకరించినట్టు చెదిరి ఉంటాయి. ఆ తేడా కంటికి అలవాటయ్యేదాకా ఆగండి.

క్యూబర్ట్ ఇష్టమున్నవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. 1982లో గాట్లీబ్ కంపెనీ ఆటగా ఆర్కేడ్‌లలోకి వచ్చిన ఆ పొడుగు ముక్కు నారింజ రంగు పాత్ర మీద అప్పట్లో సరుకు బాగానే వచ్చింది. కెన్నర్ చేసిన మెత్తటి బొమ్మ ముద్దుగా ఉంటుంది. కానీ దూదిబొమ్మలు పాత ఇళ్ల వాసన పట్టేసుకుంటాయి, వదలవు.

పాక్-మ్యానా, డాంకీ కాంగా?

వస్తువు రకం తేలాక మిగిలే ప్రశ్న ఇది. పాక్-మ్యాన్ సరుకు ఎక్కువ దొరుకుతుంది. ముఖాలూ ఎక్కువ. తొలి కొనుగోలుకి అదే తేలిక. డాంకీ కాంగ్ సరుకు వెనక మాత్రం ఒక కోర్టు కథ ఉంది. అది తెలిసినవాళ్లకి ఆ పెట్టెల బరువు వేరుగా ఉంటుంది.

1981లో నింటెండో కంపెనీలో షిగేరు మియామోతో చేసిన డాంకీ కాంగ్‌లో వడ్రంగి వేషంలో మన మారియో తొలిసారి దూకాడు. అప్పటికి పేరు జంప్‌మ్యాన్. అమెరికా నింటెండో వాళ్లు తాము అద్దెకున్న గోదాము యజమాని మారియో సెగాలీ పేరు పెట్టారు. టోపీ ఎందుకంటే తెర మీది అన్ని కొద్ది చుక్కల్లో (పిక్సెళ్లలో) జుట్టు గీయడం కుదరలేదు. మీసం ఎందుకంటే నోరు గీయడం కుదరలేదు. ఆట హిట్టయ్యాక 1982లో యూనివర్సల్ స్టూడియో, ఆటలోని గొరిల్లా కింగ్ కాంగ్‌కి నకలనీ, కింగ్ కాంగ్ తమ సొత్తనీ నింటెండో మీద దావా వేసింది. నింటెండో దగ్గర అనుమతి తీసుకుని సరుకు చేస్తున్న కంపెనీలనీ బెదిరించింది. కొలీకో భయపడి రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది కూడా. కానీ అంతకు కొన్నేళ్ల ముందు ఇదే యూనివర్సల్ ఇంకో కేసులో, కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని తానే వాదించి గెలిచింది. న్యాయమూర్తి రాబర్ట్ స్వీట్ 1983లో నింటెండో పక్షాన తీర్పిచ్చాడు, 1984లో అప్పీలులోనూ అదే నిలిచింది. నింటెండో తరఫు లాయరు పేరు జాన్ కర్బీ. ఆ తీర్పు అటు తిరిగి ఉంటే మారియో అనే పేరు ఒక పాత పీవీసీ బొమ్మతోనే ఆగిపోయి ఉండేదేమో. అందుకే 1982 నాటి డాంకీ కాంగ్ వస్తువు ఏది చేతిలోకి వచ్చినా, ఆ ఏడాది దాని నెత్తిన వేలాడిన కత్తి నాకు గుర్తొస్తుంది.

మన తెలుగు ఇళ్లలో చాలామందికి మాత్రం మారియో అంటే ఆర్కేడ్ కాదు, తొంభైల్లో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్. అలాంటివాళ్లు 1982 దాకా వెనక్కి పోనక్కర్లేదు. 1988లో రాల్స్టన్ ఒకే పెట్టెలో రెండు సంచులు పెట్టి, ఒకటి మారియోది, ఇంకొకటి జెల్డా అనే మరో నింటెండో గేమ్‌ది, నింటెండో సీరియల్ అమ్మింది. 1989, 90 ప్రాంతంలో అప్లాజ్ చేసిన మారియో పీవీసీ బొమ్మలు, 1990లో మెక్‌డొనాల్డ్స్ హ్యాపీ మీల్‌లో ఇచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 బొమ్మలు తేలిగ్గా దొరుకుతాయి, నాణ్యతా మెరుగు. అప్పటికి ముఖం స్థిరపడిపోయింది. ఎర్ర చొక్కా, నీలం డంగరీ. తొలి డాంకీ కాంగ్ తెర మీద ఇవి తారుమారు, చొక్కా నీలం, డంగరీ ఎరుపు. మీ చిన్నప్పటి మారియో కావాలంటే అప్లాజ్ బొమ్మలు తీసుకోండి. ముఖం ఇంకా వెతుక్కుంటున్న మారియో కావాలంటే 1982కి వెళ్లండి. నేను రెండోదే ఎంచుకుంటాను.

మరిదికి ఇదంతా చెప్పలేదు. "బోర్డ్ గేమ్ తీసుకో, ముందు గోళీలు లెక్కపెట్టు" అన్నాను. గంట తర్వాత మెసేజ్ పెట్టాడు: తెల్లవి ఆరు తక్కువ, పసుపువి అన్నీ ఉన్నాయి, నాలుగు నోళ్లూ పని చేస్తున్నాయి. తీసుకోమన్నాను. గోళీల్ని జిప్ కవర్‌లో వేసి చేతి బ్యాగులో పెట్టుకోమని, పెట్టె మూతకీ అడుక్కీ మధ్య మడత పెట్టిన చొక్కా ఒకటి ఇరికించమని, రబ్బరు బ్యాండు మాత్రం వేయొద్దని చెప్పాను. డల్లాస్ నుంచి విశాఖ వచ్చేలోపు అట్ట అంచుల్ని కోసేది అదే.